గుబ్బియో డిఫెండర్



2011 సెప్టెంబరు. మధ్య ఇటలీలో, ఉంబ్రియా కొండల మధ్య, గుబ్బియో అని ఒక చిన్న పట్టణం. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టులో సిమోనె ఫరీనా అనే డిఫెండర్ ఆడుతున్నాడు. వయసు 29. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. అతని దగ్గరికి పాత సహచరుడొకడు ఒక బేరంతో వచ్చాడు. కుర్రతనంలో ఇద్దరూ రోమా క్లబ్ శిక్షణ జట్లలో పెరిగినవాళ్లే. చెసేనా జట్టుతో జరగబోయే ఇటలీ కప్ మ్యాచ్ ఫలితాన్ని ముందే కుదిర్చిపెట్టాలి. అందుకు ఇచ్చేది రెండు లక్షల యూరోలు. అప్పటి మారకంలో మన లెక్కన కోటి రూపాయలకు పైమాటే.

ఫరీనా కాదన్నాడు. కాదని ఊరుకుని ఉంటే ఈ కథ ఇద్దరి మధ్యే ముగిసిపోయేది. అతను వెళ్లి అధికారులకు ఫిర్యాదు చేశాడు. ఎవరు వచ్చారు, ఏమడిగారు, ఎంతిస్తామన్నారు, అన్నీ చెప్పాడు.

ఇంతకీ ఎవరీ ఫరీనా? ఇటలీ ఫుట్‌బాల్ అనగానే మనకు గుర్తొచ్చే పేర్లు వేరు. బారేసి, మల్దీని, కన్నవారో. ప్రపంచానికి డిఫెన్స్ ఆట నేర్పిన దేశం అది. అయితే ఆ దేశంలో డిఫెండర్ పనిచేసే వాళ్లలో నూటికి తొంభై మందిని టీవీలో ఎవరూ చూడరు. పైన సిరీ ఎ ఉంటుంది, ఇరవై జట్లు. దాని కింద సిరీ బి. ఆ కింద, ఫరీనా ఆడిన రోజుల్లో, లేగా ప్రో పేరుతో రెండు మెట్లు ఉండేవి. 2014లో ఆ రెంటినీ కలిపి అరవై జట్ల ఒకే అంతస్తు చేశారు. ఇప్పుడు దాన్ని మళ్లీ పాత పేరుతో సిరీ సి అంటున్నారు. మూడు గ్రూపులు, ఒక్కో గ్రూపులో ఇరవై జట్లు. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగేకొద్దీ స్టేడియం చిన్నదవుతుంది, జీతం తగ్గుతుంది, ఒప్పందం ఏడాదికో రెండేళ్లకో కుదించుకుపోతుంది.

ఆ కింది అంతస్తులో క్లబ్బులు దివాలా తీయడం అరుదైన సంగతేమీ కాదు. జీతాలు బకాయిపడితే ఫుట్‌బాల్ సమాఖ్య పాయింట్లు కోస్తుంది. కొన్ని జట్లు సీజన్ మధ్యలోనే కుప్పకూలతాయి. 2019 ఫిబ్రవరి 17న కూనెయో పట్టణంలో జరిగిన మ్యాచ్ అందుకు సాక్ష్యం. ప్రొ పియాచెంజా అనే జట్టులో జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు. మిగిలిన ఏడుగురు కుర్రాళ్లతో క్లబ్ మైదానంలోకి దిగింది. ఆ తర్వాత ఎనిమిదో మనిషిగా ఆడింది జట్టుకు కాళ్లూ చేతులూ మర్దన చేసే ఉద్యోగి. కూనెయో 20 గోల్స్ కొట్టింది. వీళ్లు సున్నా. దరిమిలా ఆ క్లబ్‌ను పోటీ నుంచి బహిష్కరించారు. ఆ కుర్రాళ్ల మొహాలు తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. గెలవలేమని తెలిసీ తొంభై నిమిషాలు నిలబడ్డారు వాళ్లు.

ఇలాంటి చోట బతికే ఆటగాడి దగ్గరికే బుకీల మనుషులు వస్తారు. అందులోనూ గోల్‌కీపర్ల దగ్గరికీ డిఫెండర్ల దగ్గరికీ ముందు వస్తారు. కారణం తేలికే. గోల్ కొడతానని మాటిచ్చిన ఫార్వర్డ్ ఆ రోజు కొట్టలేకపోవచ్చు. గోల్ ఇచ్చుకోవడం మాత్రం డిఫెండర్ చేతిలో పని. అరక్షణం ఆలస్యంగా తిరిగితే చాలు. ఒక అడుగు పక్కకు నిలబడితే చాలు. చూసేవాళ్లకు అది అలసటలా కనిపిస్తుంది, పొరపాటులా కనిపిస్తుంది. పందెం కూడా గెలుపోటముల మీదే ఉండనక్కర్లేదు, మొత్తం ఎన్ని గోల్స్ పడతాయన్న దాని మీద కాయొచ్చు. ఎక్కడో ఆసియా నగరాల్లో కూర్చున్నవాళ్లు, గుబ్బియో ఎక్కడుందో మ్యాపులో చూపించలేనివాళ్లు, ఆ ఊరి జట్టు మీద లక్షలు పెడతారు.

ఫరీనా 1982 ఏప్రిల్ 18న రోమ్‌లో పుట్టాడు. ఎడమ వైపు డిఫెండర్. రోమాలో పెరిగాడన్న మాటే గానీ ఆ పెద్ద జట్టు తరఫున సిరీ ఎ లో ఆడే అదృష్టం పట్టలేదు. కతానియా, చిత్తదెల్లా, గువాల్దో, చెలానో. ఇటలీ పటం మీద పైనుంచి కిందికీ కిందనుంచి పైకీ సాగిన ప్రయాణం అతని తొలి ఏళ్లు. ఒక్కో ఊళ్లో అద్దె ఇల్లు, కొత్త కోచ్, కొత్త సహచరులు. 2007లో గుబ్బియోకు వచ్చాక కాలు నిలిచింది.

ఆ ఊరి గురించి ఒక మాట చెప్పాలి. జనాభా ముప్పై వేల దాకా ఉంటుంది. ఏటా మే 15న అక్కడ చేరీ పరుగు జరుగుతుంది. చేరీ అంటే నిలువెత్తు కొయ్య కట్టడాలు. ఒక్కోటీ దాదాపు మూడు వందల కిలోల బరువు. పైన సెయింట్ ఉబాల్దో, సెయింట్ జార్జి, సెయింట్ ఆంటొనీల బొమ్మలు. భుజాల మీద వాటిని ఎత్తుకుని ఊరి ఇరుకు వీధుల్లోంచి పరుగెడుతూ ఇంజీనో కొండ మీది గుడికి చేరుస్తారు. కోనసీమలో సంక్రాంతి ప్రభలను భుజాల మీద పంట కాలువలు దాటించడం చూసినవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. ఊరంతా ఒక బరువు మోసే ఊరు అది.

ఆ ఊరి జట్టు 2010లో ఒక మెట్టెక్కింది. 2011లో ఇంకో మెట్టెక్కి సిరీ బి కి చేరింది. గుబ్బియో అంతకుముందు రెండో అంతస్తులో ఆడింది 1947-48లో. అంటే అరవై ఏళ్లకు పైగా ఎదురుచూపు. విన్చెంజో తొర్రెంతె కోచ్‌గా, ఒకప్పుడు ఇంటర్ మిలాన్‌ను నడిపిన జీజీ సిమోనీ వెన్నుదన్నుగా ఉన్న రోజులవి. ఆ రెండు ప్రమోషన్లలోనూ ఫరీనా ఆ జట్టు మనిషే. ఇరవయ్యేళ్ల వయసులో దక్కని మెట్టు ముప్పైకి దగ్గరపడుతుండగా దక్కింది. బేరం వచ్చింది సరిగ్గా ఆ వేళలోనే.

ఇటలీలో అప్పటికే ఒక పెద్ద దర్యాప్తు నడుస్తోంది. దాని పుట్టుక వింటే నమ్మబుద్ధి కాదు. 2010 నవంబరు 14న క్రెమోనా పట్టణంలో క్రెమోనెసె, పగనెసె జట్ల మధ్య మూడో అంతస్తు మ్యాచ్ జరిగింది. ఆట అయ్యాక క్రెమోనెసె ఆటగాళ్లు కొందరికి కళ్లు మూతలు పడ్డాయి, తల తిరిగింది. ఇంటికి కారు నడుపుకుంటూ వెళ్తున్న ఒక ఆటగాడు ప్రమాదానికి గురయ్యాడు. పరీక్ష చేస్తే శరీరంలో నిద్రమందు తేలింది. జట్టు తాగే పానీయాల్లో ఎవరో కలిపారు! సొంత మనుషులు ఓడిపోవాలని మత్తుమందు కలిపేదాకా వెళ్లిన వ్యవహారమది. క్రెమోనా ప్రాసిక్యూటర్ రొబెర్తో ది మార్తీనో ఆ కారు ప్రమాదం దగ్గర తీగ లాగితే డొంక దేశం దాటి సింగపూర్ దాకా కదిలింది.

ఫరీనా ఇచ్చిన వాంగ్మూలం ఆ దర్యాప్తుకు గట్టి ఊతమైంది. పోలీసులకు అప్పటిదాకా దొరికినవి ఫోన్ సంభాషణలు, అనుమానాలు. ఇప్పుడు ఒక ఆటగాడు తన పేరుతో, తన నోటితో, నా దగ్గరికి వచ్చారు అని చెప్పాడు. 2011 డిసెంబరులో పదిహేడు మందిని అరెస్టు చేశారు. వాళ్లలో అట్లాంటా జట్టుకు ఎన్నో ఏళ్లు కెప్టెన్‌గా ఉన్న క్రిస్టియానో డోనీ ఉన్నాడు. ఇటలీ జాతీయ జట్టుకు ఆడినవాడు. 2012 మే నెలలో, యూరో కప్‌కు సిద్ధమవుతున్న జాతీయ జట్టు శిబిరానికే పోలీసులు తెల్లవారుజామున వెళ్లారు.

ఇక్కడ న్యాయంగా ఒక సంగతి చెప్పాలి. ఆ దర్యాప్తులో పేరు వచ్చిన ప్రతి ఒక్కరూ దోషి కాదు. ఒకప్పటి గోల్స్ వీరుడు జ్యుసెప్పె సిన్యోరి 2011 జూన్‌లో అరెస్టయ్యాడు, ఆటకు దూరమయ్యాడు. నిర్దోషి అని కోర్టు తేల్చేసరికి 2021 వచ్చింది. పదేళ్లు. నేరాన్ని పట్టుకోవడం ఎంత అవసరమో, నెమ్మదిగా కదిలే న్యాయం మనిషిని ఎంత నలిపేస్తుందో రెండూ ఆ ఒక్క కేసు ఫైలులోనే ఉన్నాయి.

ఇటలీకి ఈ జబ్బు పాతదే. 1980లో రోమ్ నగరంలో పళ్ల టోకు వ్యాపారి ఒకడు, హోటల్ యజమాని ఒకడు కలిసి, తాము డబ్బిచ్చినా ఆటగాళ్లు మాట నిలబెట్టుకోలేదని స్వయంగా ప్రాసిక్యూటర్లకు ఫిర్యాదు చేశారు. ఆ మార్చి 23న స్టేడియంలలోనే ఆటగాళ్లను అరెస్టు చేశారు. మిలాన్, లాత్సియో జట్లను సిరీ బి కి దించేశారు. పావొలో రొస్సిపై రెండేళ్ల నిషేధం పడింది. తాను ఏ తప్పూ చేయలేదని రొస్సి చివరిదాకా అన్నాడు. నిషేధం ముగిసిన కొద్ది వారాలకే 1982 ప్రపంచ కప్‌లో ఇటలీని గెలిపించాడు. 2006లో మళ్లీ ఇంకో కుంభకోణం, ఈసారి జువెంటస్ కింది అంతస్తుకు పడింది. ఇన్ని దశాబ్దాల్లో పట్టుబడినవాళ్ల పేర్లు జనానికి కంఠతా వచ్చాయి. ముందుకొచ్చి చెప్పినవాళ్ల పేరు ఒక్కటైనా ఎవరికీ గుర్తులేదు. అందుకే ఫరీనా అంత కొత్తగా కనిపించాడు.

సన్మానాలు వచ్చాయి. జాతీయ జట్టు కోచ్ చెజారే ప్రాండెల్లి, ఇటలీ జట్టుతో కలిసి సాధన చేయడానికి రమ్మని పిలిచాడు. 2012 జనవరి 9న జ్యూరిచ్ నగరంలో బాలన్ డోర్ ఉత్సవం జరిగింది. ఆ రాత్రి లియొనెల్ మెస్సి వరసగా మూడోసారి ఆ బంగారు బంతి అందుకున్నాడు. అదే వేదిక మీద ఫిఫా అధ్యక్షుడు సెప్ బ్లాటర్, గుబ్బియో డిఫెండర్‌ను క్రీడానీతికి రాయబారిగా ప్రకటించాడు. సిరీ బి లో అట్టడుగున కొట్టుమిట్టాడుతున్న జట్టు ఆటగాడి కోసం ప్రపంచపు మేటి ఆటగాళ్లంతా చప్పట్లు కొట్టారు.

ఆ వసంతంలోనే గుబ్బియో మళ్లీ కిందికి పడిపోయింది. ఫరీనాకూ క్లబ్‌కూ మధ్య ఒప్పందం ముగిసింది. ఇంకో క్లబ్ పిలుస్తుందని చూశాడు. ఇటలీలో అప్పుడు వందకు పైగా ప్రొఫెషనల్ క్లబ్బులున్నాయి. అతనికి ఒప్పందం దొరకలేదు.

ఎందుకు దొరకలేదో ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వరు. ముప్పై ఏళ్ల డిఫెండర్, కిందికి పడిన జట్టు మనిషి, ఇలాంటి వాళ్లను క్లబ్బులు వదిలేయడం మామూలే అని వాదించవచ్చు. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇటాలియన్ వీధి భాషలో ఒక మాట ఉంది, ఇన్‌ఫామె. తోటివాళ్లను పోలీసులకు పట్టిచ్చినవాణ్ని అలా అంటారు. చాలా హీనమైన తిట్టు అది. నోరు విప్పకపోవడమే మగతనం అనుకునే ఆచారానికి ఆ దేశంలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది, ఒమెర్తా. డ్రెస్సింగ్ రూమ్ గోడలు ఆ గాలిని ఆపలేవు. అందరూ మెచ్చుకున్న మనిషిని ఒక్కరూ పనిలోకి తీసుకోకపోవడం వయసు ఒక్కదాని వల్లే జరిగిందంటే ఒప్పుకోవడం కష్టం.

2012 సెప్టెంబరులో పిలుపు వచ్చింది, ఇటలీ నుంచి కాదు, ఇంగ్లండ్ నుంచి. బర్మింగ్‌హామ్ నగరపు ఆస్టన్ విల్లా క్లబ్ అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. ఆటగాడిగా కాదు. ఊళ్లోని పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే కోచ్‌గా, ఆటలో నిజాయితీ అంటే ఏమిటో చెప్పే మనిషిగా. తన సొంత దేశంలో బూట్లు వేసుకోవడానికి చోటులేని మనిషి, పరాయి భాష నేర్చుకుంటూ పరాయి పిల్లలకు బంతి అందించాడు.

ఫరీనాకు బేరం వచ్చిన 2011లోనే, ఒక మెట్టు కింద, ఇలాంటి బేరమే ఇంకో డిఫెండర్‌కు వచ్చింది. అతని కథ పక్కన పెట్టి చూస్తే గానీ ఫరీనా కథ పూర్తిగా అర్థం కాదు.

అతని పేరు ఫాబియో పిసకానే. 1986లో నేపుల్స్‌లో పుట్టాడు. స్పానిష్ పేటలు అని పిలిచే ఇరుకు సందుల బస్తీ అతనిది. పద్నాలుగేళ్లకు ఇల్లు విడిచి, దేశం ఆ చివరనున్న జెనోవా క్లబ్ శిక్షణ జట్టులో చేరాడు. ఒక ఉదయం లేవబోతే కాళ్లూ చేతులూ కదల్లేదు. వైద్యులు గులియన్-బారే సిండ్రోమ్ అన్నారు. జీబీఎస్. 2025 ఆరంభంలో పుణేలోనూ, ఆ వెంటనే మన గుంటూరులోనూ కేసులు రావడంతో తెలుగు ఇళ్లలో చాలామంది తొలిసారి విన్న పేరు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీద దాడి చేసే జబ్బు. పిసకానే కోమాలోకి వెళ్లాడు. నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. నడవగలడా లేదా అన్నదే అప్పటి ప్రశ్న. ఆ కుర్రాడు లేచి నడిచాడు, పరుగెత్తాడు, డిఫెండర్‌గా మళ్లీ మైదానంలోకి వచ్చాడు.

తర్వాతి ఏళ్లు కింది మెట్ల మీదే గడిచాయి. రవెన్నా, లాంచానో, లుమెద్జానే వంటి జట్లు. లుమెద్జానే అంటే బ్రెషియా దగ్గర లోయలో కుళాయిలూ, చెంచాలూ, ఇత్తడి సామాను తయారుచేసే కార్ఖానాల ఊరు. 2011 ఏప్రిల్‌లో అక్కడ ఆడుతుండగా, తన పాత క్లబ్ రవెన్నాలో పెద్ద హోదాలో ఉన్న ఒక వ్యక్తి నుంచి ఫోన్ వచ్చింది. రెండు జట్ల మధ్య జరగబోయే మ్యాచ్‌లో సహకరిస్తే యాభై వేల యూరోలు. పిసకానే తన క్లబ్‌కు చెప్పేశాడు. ఫరీనా కంటే అయిదు నెలల ముందు. తర్వాత ప్రాండెల్లి పిలుపూ, ఫిఫా గౌరవమూ ఇతనికీ దక్కాయి.

తేడా ఎక్కడంటే, పిసకానేకు మర్నాటి పని దొరికింది. తెర్నానా క్లబ్ తీసుకుంది, 2012లో ఆ జట్టు సిరీ బి కి ఎక్కింది. ఆ తర్వాత అవెల్లీనో. అక్కడి కోచ్ మస్సిమో రస్తెల్లి ఇతని ఆటనూ మనిషినీ దగ్గర నుంచి చూశాడు. 2015లో రస్తెల్లి సార్డీనియా ద్వీపంలోని కాల్యారి జట్టుకు కోచ్‌గా వెళ్లినప్పుడు పిసకానే కూడా అక్కడికి చేరాడు. ఆ జట్టు 2016లో సిరీ బి ఛాంపియన్‌గా పైకెక్కింది.

2016 సెప్టెంబరు 18. కాల్యారి సొంత మైదానంలో అట్లాంటాతో మ్యాచ్. ముప్పై ఏళ్ల వయసులో పిసకానే తొలిసారి సిరీ ఎ లో ఆడాడు. కాల్యారి 3-0 తేడాతో గెలిచింది. మ్యాచ్ అయ్యాక టీవీ మైకు ముందు నిలబడి మాట్లాడబోతే గొంతు పెగల్లేదు, ఏడ్చేశాడు. ఆ ఏడాది చివర లండన్ పత్రిక గార్డియన్ తొలిసారిగా ఇచ్చిన ఏటి మేటి ఫుట్‌బాలర్ గౌరవానికి ఎంచుకున్న పేరు ఇతనిదే. ఆటలో ప్రావీణ్యం ఒక్కటే కొలబద్ద అయితే ఆ పేరు ఎవరి ఊహకూ అందదు.

ఇద్దరూ డిఫెండర్లే. ఇద్దరూ కింది అంతస్తు మనుషులే. ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే రకం బేరాన్ని ఒకే తీరులో తిప్పికొట్టారు. ఒకరి కెరీర్ అక్కడి నుంచి పైకి సాగింది, ఇంకొకరిది అక్కడే ఆగిపోయింది. పిసకానే వయసు నాలుగేళ్లు తక్కువ, అది నిజం. అతని ఫిర్యాదు ముందు క్లబ్ గోడల మధ్య నడిచింది, ఫరీనా వాంగ్మూలం దేశమంతా పతాక శీర్షికలైంది, అదీ నిజమే. అయినా అసలు తేడా నా దృష్టిలో ఒక్కటే. ఒకరిని నమ్మి పని ఇచ్చిన కోచ్‌లు, క్లబ్బులు ఉన్నాయి. ఇంకొకరికి లేవు.

ఆటల సంఘాలు, ముఖ్యంగా చిన్న లీగులు నడిపేవాళ్లు ఈ ఒక్క విషయం పట్టించుకోవాలని మనవి. ఫిర్యాదు చేసిన ఆటగాడికి వేదిక మీద శాలువా కప్పడం మంచిదే. వచ్చే ఏడాది జీతం ఎవరిస్తారన్నది అంతకన్నా ముందు తేల్చాలి. ఇంటి అద్దె కట్టాల్సిన మనిషి దగ్గరికే ఆ రెండు లక్షలు వస్తాయి గనక. అతను కాదన్నాక అతని కుటుంబం వీధిన పడకుండా చూసే పూచీ ఆటదే. డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్న ఇరవై ఏళ్ల కుర్రాడు గమనించేది జ్యూరిచ్ చప్పట్లను కాదు. ఆ తర్వాతి జూలైలో ఎవరికి ఒప్పందం వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది గమనిస్తాడు.

పిసకానే ఆట విరమించాక కాల్యారిలోనే కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చాడు. 2025 వేసవిలో ఆ క్లబ్ అతన్ని సిరీ ఎ జట్టుకు ప్రధాన కోచ్‌గా నియమించింది. సిమోనె ఫరీనా ఇటలీలో ప్రొఫెషనల్‌గా చివరిసారి వేసుకున్నది గుబ్బియో జెర్సీనే. 2012లో అది విప్పేటప్పటికి అతని వయసు ముప్పై.